షార్లెట్ లూకస్‌కి కాలయాన ప్రేమకథ రాస్తున్నా. కాలిన్స్‌తో పెళ్ళి ఆపాలా, వద్దా?

మల్లెపందిరి

నమస్కారం అందరికీ. కొత్త సీరియల్ మొదలుపెట్టే ముందే కథ ఇక్కడ చెప్పేస్తే, పడాల్సిన అక్షింతలు ముందే పడిపోతాయని ఈ పోస్టు.

జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో షార్లెట్ లూకస్ గుర్తుందా? హీరోయిన్ ఎలిజబెత్ బెన్నెట్ స్నేహితురాలు, సర్ విలియం లూకస్ పెద్ద కూతురు. తెలివైన పిల్ల. ఇరవై ఏడేళ్ళు వచ్చాయి, రూపం అంతంతమాత్రం, పెద్దగా ఆస్తి లేదు. కాలిన్స్ ఒక పాస్టర్, కొడుకుల్లేని బెన్నెట్ గారి ఆస్తికి వారసుడు. ఎలిజబెత్ కాదన్న అతన్ని మూడో రోజుకల్లా తను ఒప్పుకుంటుంది. ఆ కాలిన్స్ ఎలాంటివాడో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తనకి చర్చి ఉద్యోగం ఇచ్చిన లేడీ కేథరిన్ పేరెత్తకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు.

నా హీరో ఆదిత్య. కాకినాడ కుర్రాడు, లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక రాత్రి 1811 నవంబరులో తేలతాడు. ఎలా అన్నది ఇంకా తేల్చలేదు. కళ్ళు తెరిచేసరికి లూకస్ వాళ్ళింటి దగ్గరి సందులో ఉంటాడు. నవల్లో ఆ సందు గురించి ఒక్క వాక్యమే ఉంది. కాలిన్స్ తమ ఇంటివైపు నడిచి రావడం మేడమీది కిటికీలోంచి చూసి, అనుకోకుండా ఎదురుపడ్డట్టు కనిపించాలని షార్లెట్ గబగబా ఆ సందులోకి వెళ్తుంది. సరిగ్గా అక్కడ మావాడు అడ్డం పడతాడు.

ఇక్కడే నాకు టెన్షన్. పెళ్ళి ఆపాలా? ఆపితే ఆమెని మన కాలానికి తీసుకొచ్చెయ్యాలా, వాడే అక్కడ ఉండిపోవాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

టైంపాస్ తేజ

నేను సినిమానే చూశా. షార్లెట్ అంటే హీరోయిన్ ఫ్రెండ్ కదా? ఆపెయ్యండి మేడమ్, ఇంకా అడుగుతారేంటి! ఆ కాలిన్స్‌ని ఎవరు చేసుకుంటారు?

పుస్తకాల పురుగు

సందు సీన్ ఎంచుకోవడం బాగుంది. దానికి తేదీ కూడా దొరుకుతుంది. కాలిన్స్ బెన్నెట్ గారికి రాసిన మొదటి ఉత్తరంలో నవంబరు 18, సోమవారం, సాయంత్రం నాలుగింటికల్లా వస్తానని రాస్తాడు. 1811లో 18వ తేదీ సోమవారమే. పక్కనే డబ్బున్న పెళ్ళికాని కుర్రాడు అద్దెకి దిగిన నెదర్‌ఫీల్డ్ బంగళాలో బాల్, అంటే డాన్స్ పార్టీ, 26, మంగళవారం. మర్నాడు ఎలిజబెత్‌ని అడిగి కాదనిపించుకుంటాడు. శనివారం తెల్లవారుతూనే కెంట్‌కి తిరుగు ప్రయాణం కాబట్టి షార్లెట్‌ని అడిగింది అంతకు ముందు రోజు, అంటే శుక్రవారం, 29న.

ఎలా తేలాడు అన్నదానికి తోకచుక్కని వాడుకోండి. 1811 నాటి మహా తోకచుక్క నిజంగా ఉంది. మార్చిలో ఫ్రాన్సులో ఫ్లోజెర్గ్ అనే ఆయన కనిపెట్టాడు, అక్టోబరులో బాగా వెలిగింది, దాదాపు 260 రోజులు దుర్భిణి లేకుండానే కనిపించింది. నవంబరు చివర్లో కూడా ఆకాశంలో ఉంది. నవల్లో దాని ఊసే లేదు. బెన్నెట్ వాళ్ళింట్లో అందరి కళ్ళూ నెదర్‌ఫీల్డ్ మీదే ఉంటే ఆకాశం ఎవరు చూస్తారు?

వంటింటి కిటికీ

ఆపొద్దు. దయచేసి ఆపొద్దు.

ఆ సందులోకి షార్లెట్ తనంతట తను వెళ్ళింది. కిటికీలోంచి చూసింది, ఆలోచించుకుంది, కదిలింది. ఎలిజబెత్ అయినా ఆమె అక్క జేన్ అయినా అవతలివాడు వచ్చి అడిగేదాకా కూర్చోవాల్సినవాళ్ళే. ఈమె అలా కూర్చోలేదు. అలాంటి అమ్మాయికి మీ ఆదిత్య ఎదురెళ్ళి "ఆగు, వాడెలాంటివాడో నీకు తెలీదు" అంటాడా? ఆమెకి తెలియంది ఏముంది? కాలిన్స్‌కి తెలివి లేదని, అతని దగ్గర కూర్చుంటే విసుగని, తన మీద అతనికున్న ప్రేమంతా ఊహేనని ఆమెకి ముందే తెలుసని రచయిత్రే చెప్పేసింది. అన్నీ తెలిసే ఒప్పుకుంది.

ఆ రోజు లూకస్ వాళ్ళింట్లో సంబరం గుర్తు తెచ్చుకోండి. అక్క పెళ్ళి కాకుండా ఇంట్లో మిగిలిపోతుందేమోనన్న బెంగ తీరి తమ్ముళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. చెల్లెళ్ళకి, తాము అనుకున్నదానికంటే ఏడాదో రెండేళ్ళో ముందే నలుగురిలోకి వెళ్ళొచ్చని ఆశ పుడుతుంది. తల్లయితే బెన్నెట్ గారు ఇంకెన్నేళ్ళు బతుకుతారో లెక్కలు కట్టేస్తుంది. ఆ ఇంట్లో మీ హీరో రెండు రోజులు ఉంటే చాలు, షార్లెట్ ఎందుకు ఒప్పుకుందో వాడికే అర్థమవుతుంది.

పెళ్ళయ్యాక ఆమె ఏం చేసిందో కూడా చూడండి. కెంట్‌లో కాలిన్స్ ఊరు హన్స్‌ఫర్డ్‌లో, ఇంట్లో ముందువైపు మంచి గది ఉన్నా, తను కూర్చోవడానికి వెనకవైపు గది పెట్టుకుంది. ముందు గదిలో కూర్చుంటే కాలిన్స్ మాటిమాటికీ అక్కడికే వస్తాడు కాబట్టి. ఆరోగ్యానికి మంచిదని చెప్పి అతన్ని తోటపనికి పంపిస్తుంది. అతను పిచ్చిమాటలు మాట్లాడితే చాలాసార్లు వినపడనట్టే ఉంటుంది. మా మేనత్త నలభై ఏళ్ళ కాపురం ఇదే పద్ధతిలో చేసింది. ఆవిడని రక్షించడానికి ఏ కాలం నుంచి ఎవరొచ్చినా, కాఫీ ఇచ్చి పంపించేసేది.

మల్లెపందిరి

కిటికీ గారూ, మీ మేనత్త గారికి నా నమస్కారాలు చెప్పండి. కానీ పెళ్ళి ఆపకపోతే ప్రేమకథ ఎక్కడిది? నా పాఠకులు రెండో ఎపిసోడ్‌లో చెయ్యి పట్టుకోకపోతేనే కామెంట్లలో గోల చేస్తారు.

టైంపాస్ తేజ

ఆ గోల చేసేవాళ్ళలో నేనే ఫస్ట్.

ఓరుగల్లు వకీలు

కథ మీ ఇష్టం, చట్టం మాత్రం నేను చెప్తా. మూడు దారులకీ చిక్కులున్నాయి.

ఒకటి, ఆదిత్య అక్కడే ఉండి ఆమెని చేసుకోవడం. 1753 నాటి హార్డ్‌విక్ చట్టం ప్రకారం పెళ్ళి ఇంగ్లండ్ చర్చిలోనే జరగాలి. యూదులకీ క్వేకర్లకీ మాత్రమే మినహాయింపు. మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు కావాలంటే ఆ పారిష్‌లో నాలుగు వారాలు ఉండి ఉండాలి. ముహూర్తం పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్యే. షార్లెట్‌కి ఇరవై ఒకటి దాటింది కాబట్టి తండ్రి ఒప్పుకోకపోయినా చెల్లుతుంది. కానీ ప్రకటన చదివే పాస్టర్‌కి మీవాడు ఏ ఊరు, ఎవరి కొడుకు అని చెప్తాడు? పారిపోయి స్కాట్లాండ్ పోతే ఈ చట్టం అక్కడ వర్తించదు. అందుకే ఎలిజబెత్ చెల్లెలు లిడియా పారిపోతూ, స్కాట్లాండ్ సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్ పేరు చెప్పింది.

రెండు, పెళ్ళయ్యాక లేవదీసుకుపోవడం. ఇది మాత్రం వద్దే వద్దు. అప్పటి ఇంగ్లండ్‌లో పెళ్ళైన ఆడదానికి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. సంపాదన మీద హక్కు 1870లో, ఆస్తి మీద పూర్తి హక్కు 1882లో వచ్చింది. 1857 దాకా పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ఆ ఒక్క జంట కోసం విడిగా చట్టం చేయించుకోవాలి. కాలిన్స్ మీ హీరో మీద దావా వేసి నష్టపరిహారం కూడా రాబట్టొచ్చు. పిల్లలుంటే వాళ్ళు తండ్రి సొత్తే. తల్లికి కొద్దిపాటి హక్కు ఇచ్చిన మొదటి చట్టం 1839ది.

మూడు, మన కాలానికి తీసుకురావడం. దీని మీద నా దగ్గర సెక్షన్ లేదు.

బెన్నెట్ గారి లాంగ్‌బోర్న్ ఆస్తి కూతుళ్ళకి రాదని నవ్వుకునేటోళ్ళకి ఒక్క ముచ్చట. ఉమ్మడి ఆస్తిలో మన ఆడపిల్లలకి పుట్టుకతో వాటా వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అదీ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. దేశమంతటికీ 2005 సవరణతో వచ్చింది. బెన్నెట్ గారి ఐదుగురు కూతుళ్ళ కథ మా ఆఫీసులో ఇప్పటికీ ఫైళ్ళ రూపంలో ఉంటది.

గోదారోడు

అమ్మాయ్, అందరూ పెళ్ళి దగ్గరే ఆగిపోయారు గానీ అసలు గొయ్యి ముందే ఉంది. నీ కుర్రాడు 1811కి వెళ్తున్నాడా, నవల్లోకి వెళ్తున్నాడా? నవల జరిగే హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లా నిజం. అందులోని మెరిటన్ ఊరు లేదు, లాంగ్‌బోర్న్ లేదు, లూకస్ లాడ్జీ లేదు. తోకచుక్క పట్టుకుని నిజంగా 1811లో దిగితే వాడికి షార్లెట్ కాదు, ఎవరో బార్లీ చేల రైతు కనిపిస్తాడు. కాలయానం వేరు, పుస్తకంలోకి దూరడం వేరు. రెండూ కలిపి వండితే ముందు చెప్పి వండు.

ఇంకోటి. కాకినాడ నుంచి వెళ్ళిన నల్లటి కుర్రాణ్ణి లేడీ లూకస్ డ్రాయింగ్ రూంలో కూర్చోబెడుతుందా?

పుస్తకాల పురుగు

> కాకినాడ నుంచి వెళ్ళిన నల్లటి కుర్రాణ్ణి

గోదారోడు గారూ, అది మరీ అసాధ్యమేం కాదు. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర హిందూస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. అంతకు చాలా ముందే, 1786లో, ఐర్లండ్‌లో జేన్ డేలీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1812లో అతను దివాలా తీశాడు. అంటే ఆదిత్య లండన్ చేరితే 1811 చలికాలంలో మసాలా తిండి దొరికే చోటు ఒకటుంది, ఏడాది తిరిగేసరికి అది అతని చేతిలో ఉండదు. నాకైతే ఆ హోటల్లో ఒక ఎపిసోడ్ కావాలి.

ఆస్టెన్ ఇంట్లోనే ఇండియా ఉంది. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా డబ్బులేని పిల్ల. 1752లో ఓడెక్కి మద్రాసు తీరానికి వచ్చింది. మరుసటి ఏడే కంపెనీ వైద్యుడు హాన్‌కాక్‌ని చేసుకుంది. చేతిలో డబ్బు లేని ఇంగ్లీషు ఆడపిల్లలు పెళ్ళికొడుకు కోసం ఆరేసి నెలలు సముద్రం మీద ప్రయాణం చేసిన రోజులవి. షార్లెట్ నడిచిన సందు దానిముందు ఎంత దూరం?

మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం మొదలైంది 1611లో. మీ కథకి సరిగ్గా 200 ఏళ్ళ ముందు. సర్ విలియం బిరుదు రాకముందు మెరిటన్‌లో వ్యాపారమే చేశాడు, ఏ వ్యాపారమో నవల్లో లేదు. బట్టల వ్యాపారం అని మీరు పెట్టుకుంటే మీవాడికి ఆ ఇంట్లో అడుగుపెట్టే వంక దొరుకుతుంది.

డాలస్ నర్సమ్మ

నవల చివర్లో కాలిన్స్ రాసిన ఉత్తరం ఎవరికైనా గుర్తుందా? ఇంట్లో పసివాడు రాబోతున్నాడని అందులో ఉంటుంది. అంటే 1812 శరత్కాలానికి షార్లెట్ కడుపుతో ఉంది. అదే సమయంలో తన మేనల్లుడు డార్సీకి ఎలిజబెత్‌తో పెళ్ళన్న కబురు విని లేడీ కేథరిన్ మండిపడుతుంటే, ఆ గొడవ చల్లారేదాకా షార్లెట్ పుట్టింటికి వచ్చేస్తుంది. కెంట్ నుంచి దాదాపు 50 మైళ్ళు, గుర్రబ్బండిలో, ఆ స్థితిలో.

నేను లేబర్ వార్డులో పనిచేసే మనిషిని. నాకు ఆ ఉత్తరం చదివినప్పుడల్లా కాలిన్స్ మీద కోపం రాదు, భయం వేస్తుంది. ఆస్టెన్ వదిన ఎలిజబెత్ 1808 అక్టోబరులో పదకొండో కాన్పు తర్వాత కొద్ది రోజులకే పోయింది. 1817 నవంబరులో యువరాణి షార్లెట్ కూడా కాన్పులోనే పోయింది. రాజుగారి మనవరాలికే దిక్కు లేదు. బాలింత జ్వరం మంత్రసానుల, డాక్టర్ల చేతుల ద్వారానే పాకుతుందని అబెర్డీన్‌లో గోర్డన్ అనే డాక్టరు 1795లోనే రాశాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ చేతులు కడిగించింది 1847లో.

కాబట్టి మీ ఆదిత్య ఆమెకి నిజంగా ఏదైనా చేయాలనుకుంటే పెళ్ళి ఆపక్కర్లేదు. మంత్రసాని చేత చేతులు బాగా కడిగిస్తే చాలు. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రేమ లేదు.

మల్లెపందిరి

నర్సమ్మ గారూ, ఈ పోస్టు చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ ఉత్తరం సంగతి నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు.

టైంపాస్ తేజ

బాగానే ఉంది గానీ సాఫ్ట్‌వేర్ కుర్రాడు కాన్పు గదిలోకి ఎలా వెళ్తాడు? పోనీ ఉత్తరం రాస్తాడా? లవ్ లెటర్ కమ్ శానిటైజర్ అడ్వైజ్.

ఇంకో డౌటు. 1812లో ఇంగ్లండ్ ప్రధానమంత్రిని కాల్చి చంపారు కదా, స్పెన్సర్ పెర్సివల్. మే 11న. ఆదిత్యకి ముందే తెలుసు. ఆపొచ్చు కదా? థ్రిల్లర్ యాంగిల్ కూడా వస్తుంది.

ఓరుగల్లు వకీలు

తేజా, ఒక హత్య ఆపితే నవలంతా తారుమారు. దాన్ని వదిలెయ్.

వంటింటి కిటికీ

ఉత్తరం కుదరదు తేజా. పెళ్ళి మాట అనుకోని ఆడ, మగ మధ్య ఉత్తరాలు నడవడమే అప్పుడు తప్పు. పైగా 1840లో పెన్నీ పోస్టు వచ్చేదాకా ఉత్తరం డబ్బులు మామూలుగా అందుకున్నవాళ్ళే కట్టాలి, అదీ కాగితాల లెక్కన, దూరం లెక్కన. హన్స్‌ఫర్డ్‌లో తలుపు తీసి డబ్బులు కట్టేది కాలిన్స్. తన భార్యకి వచ్చిన ప్రేమలేఖకి తనే చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం కామెడీకి పనికొస్తుంది, ప్రేమకి కాదు. (కాలిన్స్ రాసిన ఆ చాంతాడు ఉత్తరాలకి ఎదురు డబ్బులు కట్టింది పాపం బెన్నెట్ గారు. ఆయన వెటకారం ఊరికే రాలేదు.)

వేదిక నిర్వాహకురాలు

సినిమాల్లో ఏ డార్సీ అందగాడు అన్న చర్చకి వేరే దారం (థ్రెడ్) ఉంది. అక్కడికి తరలించిన పోస్టుల గురించి ఇక్కడ అడగొద్దు. ఇక్కడ షార్లెట్ గురించే రాయండి.

పుస్తకాల పురుగు

ఒక మాట ఎవరూ అనలేదని రాస్తున్నా. షార్లెట్ వయసు ఇరవై ఏడు. 1802 డిసెంబరు 2న హారిస్ బిగ్-విదర్ అనే జమీందారు కొడుకు ఆస్టెన్‌ని పెళ్ళి అడిగాడు. ఇల్లుంది, ఆస్తుంది, తల్లిదండ్రులకీ అక్కకీ జీవితాంతం నీడ దొరుకుతుంది. సరేనంది. రాత్రి గడిచింది. పొద్దున లేచి కాదంది. అప్పటికి ఆమెకి ఇరవై ఏడు నిండడానికి ఇంకో రెండు వారాలుంది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ నవలని మళ్ళీ తిరగరాసుకుంటూ, అదే వయసున్న ఒక అమ్మాయి చేత సరేననిపించింది. మర్నాడు కాదనే అవకాశం ఇవ్వలేదు. తన మేనకోడలు ఫానీకి రాసిన ఉత్తరాల్లో ప్రేమ లేని పెళ్ళి కంటే ఏదైనా మేలని ఒకసారి రాసింది, పెళ్ళి కాని ఆడవాళ్ళు పేదవాళ్ళైపోవడం భలే అలవాటని ఇంకోసారి రాసింది. రెండూ ఆమె మాటలే. ఎలిజబెత్ మొదటి మాట, షార్లెట్ రెండో మాట. షార్లెట్‌ని చిన్న పాత్ర అనడం నాకు అందుకే ఒప్పదు.

గోదారోడు

ఇది విన్నాక నా ప్రశ్నకి నేనే జవాబు చెప్పుకుంటా. పుస్తకంలోకే పంపు అమ్మాయ్. కాకపోతే ఆ పుస్తకం కూడా అందులో ఉండనీ. నవల అచ్చయింది 1813 జనవరి 28న. రచయిత్రి పేరు లేదు, మూడు సంపుటాలు, ధర 18 షిల్లింగులు. షార్లెట్ అప్పటికి హన్స్‌ఫర్డ్‌లో ఉంటుంది. అద్దె పుస్తకాల షాపు నుంచి ఎవరో తెచ్చిస్తారు. మొదటి సంపుటంలోనే తన పేరు కనపడుతుంది! తను కిటికీలోంచి చూసి కదిలిన సంగతి ఎవరికీ చెప్పలేదు, అది అచ్చులో ఉంటుంది. ఎలిజబెత్ తన గురించి ఏమనుకుందో కూడా ఉంటుంది. ఆ రోజు నుంచి ఆ స్నేహం ఏమవుతుంది? నాకు ప్రేమకథ కంటే ఇదే కావాలి.

టైంపాస్ తేజ

బాబాయ్ గారూ వావ్. కానీ రొమాన్స్?

మల్లెపందిరి

దొరికింది అనుకుంటున్నా. రాత్రంతా తోకచుక్కల మీద చదివాను. 1811 కంటే ముందు 1807 సెప్టెంబరులో ఇంకో పెద్ద తోకచుక్క వచ్చింది, అది కూడా మామూలు కంటికి కనిపించింది. 1807లో షార్లెట్‌కి ఇరవై మూడు. ఆ వయసులో ఆమె గురించి నవల్లో ఒక్క ముక్క కూడా లేదు. ఆ చోటు ఖాళీ.

కాబట్టి ఆదిత్య మొదట దిగేది 1807లో. రెండు మూడు నెలలు అక్కడే ఉంటాడు. ఇష్టపడతారు. తోకచుక్క మసకబారేకొద్దీ వీడు ఇటు జారిపోతాడు. మళ్ళీ 1811లో రెండో తోకచుక్కతో వచ్చి సరిగ్గా ఆ సందులో తేలతాడు. వాడికి గడిచింది కొన్ని వారాలే, ఆమెకి నాలుగేళ్ళు. అటునుంచి కాలిన్స్ వస్తుంటాడు.

తర్వాత షార్లెట్ ఎలిజబెత్‌తో, నేను ప్రేమా గీమా అనుకునేదాన్ని కాదు, ఎప్పుడూ కాదు, నాకు కావాల్సింది ఒక సుఖమైన ఇల్లు అంటుంది కదా. 1807 సంగతి తెలిసిన పాఠకులకి ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది.

డాలస్ నర్సమ్మ

'ఎప్పుడూ కాదు' దగ్గర ఒళ్ళు జలదరించింది.

వంటింటి కిటికీ

మల్లెపందిరి గారూ, ఏర్పాటు అందంగా ఉంది, కానీ నాకు ఒప్పట్లేదు. అంటే ప్రేమలో దెబ్బతింటేనే ఆడపిల్ల లెక్క వేసుకోవడం నేర్చుకుంటుందా? గుండె పగిలింది కాబట్టి కాలిన్స్‌ని చేసుకుంది అంటే ఆమె తెలివినంతా ఒక మగాడి ఖాతాలో వేసినట్టు. ఆస్టెన్ ఆమెకి ఏ పాత గాయమూ పెట్టలేదు. ఆమె పుట్టుకతోనే అలా ఆలోచించే మనిషి. డార్సీకి ఎలిజబెత్ మీద మనసుందని అందరికంటే ముందు పసిగట్టింది ఎవరు? డార్సీ కజిన్ ఫిట్జ్‌విలియం మంచివాడే, కానీ చర్చి ఉద్యోగాలు ఇప్పించగలిగేది డార్సీ అని తన స్నేహితురాలి పెళ్ళి ఆలోచనలో కూడా ఆ లెక్క చూసింది ఎవరు? ఆ బుర్రని తీసేసి దాని చోట కన్నీళ్ళు పెట్టకండి.

ఓరుగల్లు వకీలు

అబ్జెక్షన్ సస్టెయిన్డ్.

పుస్తకాల పురుగు

కిటికీ గారు చెప్పినదాన్ని తోసెయ్యలేం. అలాగని 1807ని పారెయ్యక్కర్లేదు. అప్పుడు కాదన్నది కూడా ఆమే అయితే?

మల్లెపందిరి

పురుగు గారూ, మీ ఒక్క వాక్యంతో కథ కుదిరిపోయింది. ఇదిగో ఇలా రాస్తాను.

1807లో ఆదిత్య ఆమెని అడుగుతాడు. పెళ్ళి చేసుకుందాం అని, లేదా నాతో వచ్చెయ్ అని. షార్లెట్‌కి వాడంటే ఇష్టం, అది దాచుకోదు కూడా. కానీ వాడికి ఊరు లేదు, పారిష్ లేదు, ఏడాదికి ఇంత అని చెప్పుకునే రాబడి లేదు. రేపు పొద్దున ఉంటాడో లేదో వాడికే తెలీదు. ఇరవై మూడేళ్ళ పిల్లకి ఇంకా ఆగే వ్యవధి ఉంది. బాగా ఆలోచించి, వాడి మొహం మీదే కాదంటుంది. గుండె పగలడమేమీ ఉండదు. బాధ ఉంటుంది, కొన్నాళ్ళకి తగ్గుతుంది.

1811లో మళ్ళీ ఎదురుపడినప్పుడు ఆమె ఆశ్చర్యపోతుంది, సంతోషిస్తుంది, బాగున్నావా అని అడుగుతుంది. రెండు నిమిషాలే ఉంది. ఈలోగా వాడు కాలిన్స్ గురించి చెప్పబోతే, "నాకు తెలుసు, పక్కకి జరుగు, అతనికి కనపడతావు" అంటుంది. వాడు జరుగుతాడు. ప్రేమించినవాడిగా వాడు చేసిన గొప్ప పని అదే. ఇది నా మూడో ఎపిసోడ్. ఇక్కడితో ఆగదు. వాడు కొన్నాళ్ళు లండన్‌లో ఉంటాడు, కాఫీ హౌస్‌లో గిన్నెలు తోముతాడు. తోకచుక్క వెళ్ళిపోయినా ఈసారి వీడు జారిపోడు. ఎందుకో తర్వాత చెప్తా. 1812లో షార్లెట్ పుట్టింటికి వచ్చినప్పుడు నర్సమ్మ గారి సలహా ఆమె చెవిన వేసే మార్గం వెతుకుతాడు. ఉత్తరం కుదరదు కాబట్టి షార్లెట్ చెల్లెలు మరియా ద్వారా. ఆ పిల్ల కబుర్లు మోయడంలో దిట్ట.

1813లో ఆమె పుస్తకం చదువుతుంది. గోదారోడు బాబాయ్ గారు చెప్పినట్టే. కాలిన్స్ ఉన్నాడు, కిటికీ ఉంది, సందు ఉంది. 1807 మాత్రం ఎక్కడా లేదు. మూడు సంపుటాలూ రెండుసార్లు తిరగేస్తుంది. రాసినావిడకి అన్నీ తెలుసు, ఇదొక్కటీ తెలీదు. ఆ ఒక్కటీ అచ్చంగా తనదే. నవ్వుకుంటుంది, లేచి కోళ్ళకి గింజలు వేయడానికి వెళ్తుంది.

వంటింటి కిటికీ

ఇప్పుడు ఒప్పుకుంటున్నా. సందులో 'పక్కకి జరుగు' అన్న మాట తీసెయ్యకండి, ఎడిటింగ్‌లో ఎవరేమన్నా సరే.

డాలస్ నర్సమ్మ

కాన్పు క్షేమంగా జరిగిందని ఒక్క లైన్ రాయండి. నాకోసం. మరియా చెప్పిన కబురు విని మంత్రసాని విసుక్కుంటూ చేతులు కడుక్కుందని కూడా.

మల్లెపందిరి

రాస్తా. పాప పుడుతుంది. కాలిన్స్ ఆ పాపకి కేథరిన్ అని పేరు పెడతానంటాడు, అది తప్పదు.

టైంపాస్ తేజ

చెయ్యి పట్టుకోవడం ఏ ఎపిసోడ్?

మల్లెపందిరి

రెండులో, 1807లో. గ్లవ్స్ ఉంటాయి.

టైంపాస్ తేజ

గ్లవ్స్ తోనా! సరే ఓకే, నవల కూడా డౌన్‌లోడ్ చేశా, చదివి వస్తా. కల్నల్ ఫిట్జ్‌విలియంకి ఎవరూ కథ రాయకపోతే వాణ్ణి నేను తీసుకుంటున్నా. చిన్న కొడుకు, డబ్బున్న పిల్ల కావాలంటాడట. హైదరాబాద్ తెచ్చి ఐటీ కంపెనీలో వేస్తా. కొత్త దారం ఎక్కడ తెరవాలి?

వేదిక నిర్వాహకురాలు

'రాస్తున్న కథలు' విభాగంలో. శీర్షికలో ఆశ్చర్యార్థకాలు ఒకటికి మించకూడదు.